ఒకే పైపుతో మంచినీళ్ళూ, మురుగూ

ఆ రోజు గల్ఫ్‌లో, ప్రపంచకప్ స్టేడియం సైటులో కడ్డీలు కడుతుంటే చేతిలోని పట్టకారు జారి పడింది. వంగి తీసుకోలేకపోయాను. ఒళ్ళు కాలిపోతోంది. ఇండస్ట్రియల్ ఏరియాలో కూలీలుండే మా క్యాంప్‌లో అప్పటికే చాలామంది విరేచనాలతో పడి ఉన్నారు. నీళ్ళు మురుగు కంపు కొడుతున్నాయని చెబితే క్యాంప్ బాస్ "మాఫీ ముష్కిల్, ఏం కాదు" అన్నాడు. క్లినిక్‌లో "వైరల్ ఫీవర్" అని మాత్రలిచ్చారు. అవి మింగుతూ రెండు వారాలు డ్యూటీ చేశాను.

ఒక శుక్రవారం సెలవు. మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. మా గదిలో ఉండే లింగన్న, మా జగిత్యాల వైపువాడే, నన్ను బయటికి పిలిచాడు.

"పొద్దుగాల సెప్టిక్ ట్యాంక్ల ఏసిన పైపే ఇప్పుడు మంచినీళ్ళకు పెడ్తున్నరు, చూడు."

పైపు మూతి చుట్టూ నల్లటి మురుగు ఎండి ఉంది. నీళ్ళు తేవడం, మురుగు తోడడం రెండూ ఒకే కంపెనీ కాంట్రాక్టు.

ట్యాంకర్ డ్రైవర్‌ను చుట్టుముట్టాం. పేరు రెడ్డెయ్య, రాయచోటివాడు. "కొట్టొద్దన్నా, వాళ్ళు ఇచ్చిండేదే ఒక పైపు" అంటున్నాడు. మొదటి దెబ్బ నాదే. నోటి మీద గుద్దాను. అతని పళ్ళు విరిగి నా వేళ్ళకు గుచ్చుకున్నాయి. తరువాత ఇరవైమంది మీద పడ్డారు. ఎవరో ఇనుప రాడ్డుతో అతని మోకాలి కింద మోదారు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అయినా తన్నడానికి కాలెత్తాను. అప్పుడే కడుపులో కత్తి దిగినట్టయింది. అతని పక్కనే కూలిపోయాను.

"టైఫాయిడ్. పేగుకు పర్ఫొరేషన్ అయింది, రంధ్రం. ఇప్పుడే ఆపరేషన్ చేయకపోతే బతకవు," అన్నాడు ఆసుపత్రిలో డాక్టర్, హిందీలో. పేగు కోసి కొస బయటికి తెచ్చి, పొట్టకు సంచి తగిలించారు. స్టోమా అన్నారు. ఆరో రోజు కుట్లు చీము పట్టి విడిపోయాయి. సెప్సిస్, రక్తంలోకి విషం ఎక్కింది. మళ్ళీ కోశారు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు నోట్లో గుడ్డ కుక్కుకుని అరిచేవాణ్ణి.

తప్పంతా డ్రైవర్‌దేనని ట్యాంకర్ కంపెనీ పోలీసులకు చెప్పిందని లింగన్న వచ్చి చెప్పాడు. రెడ్డెయ్య అదే ఆసుపత్రిలో, పై వార్డులో ఉన్నాడు. లేచి నడవగలిగాక వెళ్ళాను.

"మొదలు కొట్టింది నేనే అన్నా," అన్నాను.

"తెలుసు," అన్నాడు రెడ్డెయ్య. "ఇంకో పైపు ఇయ్యమని మూడుసార్లు అడిగినా. నా ఫోన్లో మెసేజ్‌లుండాయి. యల్లా, పో అన్యాడు సూపర్‌వైజర్. నువ్వు చూసింది పోలీసు ఆఫీసర్లకు చెప్తావా?"

చెప్పాను. నేను కొట్టిందీ రాయించాను. మెసేజ్‌లు చూశాక రెడ్డెయ్యను వదిలేశారు. కంపెనీ మాత్రం గొడవ జరిగిన సాయంత్రమే ట్యాంక్ కడిగించి, పైపు మాయం చేసింది. "దేన్ని పరీక్ష చేయమంటారు?" అని ఆఫీసర్ మమ్మల్నే అడిగాడు. ఆ కంపెనీకి మా క్యాంప్ కాంట్రాక్టు పోయిందంతే. దాని ట్యాంకర్లు పక్క క్యాంపులకు తిరుగుతూనే ఉన్నాయి. స్టోమా మూశాక, కొట్టినందుకు నెలరోజులు జైల్లో ఉన్నాను. అటునుంచే ఇంటికి పంపారు.

ఇప్పుడు బరువులెత్తలేను. సిమెంటు దుకాణంలో కూర్చుంటాను. కారం తింటే పేగులు మెలిపెడతాయి. రెడ్డెయ్య కుంటుతూ నడుస్తాడని విన్నాను. ఫోన్ చేస్తే ఎత్తడు.

అక్కడికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. నీళ్ళ వాసన మారిన రోజే ఒక సీసా నింపి, మూత బిగించి, తేదీ రాసి డాక్టర్ చేతికివ్వండి. మా క్యాంప్‌లో వందలమందిమి ఉన్నాం. కొట్టడానికి ఇరవైమందిమి వెళ్ళాం. సీసా ఒక్కరమూ నింపలేదు.