నిమ్మరసం పూసుకున్న పెళ్లికొడుకు

కొత్తగూడ సాయిలుది ఎండలో పుట్టి ఎండలో పెరిగిన ఒళ్లు. ఎడ్లబండి మీద కూరగాయలు పట్నానికి తోలి, మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరేవాడు. తన నలుపు గురించి ఏనాడూ ఆలోచించలేదు. పంతొమ్మిది వందల డెబ్బై మూడు ఎండాకాలంలో గోపన్‌పల్లి కనకలక్ష్మితో పెళ్లి ఖాయమయ్యాక మాత్రం ఆ ఆలోచన పురుగులా తొలచడం మొదలుపెట్టింది.

బోరబండలో ఉండే స్నేహితుడు వీరేశం, నిమ్మరసం రాసుకుంటే మొహం తెల్లబడుతుందని చెప్పాడు. మరునాడు సాయిలు కాయలు పిండుకుని, మొహానికీ మెడకూ దట్టంగా పట్టించి బండెక్కాడు. రుమాలు చుట్టుకుంటే రసం తుడుచుకుపోతుందని తల కూడా కప్పుకోలేదు. ఆ రోజు ఎండ నిప్పులు చెరిగింది.

సాయంత్రానికి మొహం కంది మండసాగింది. మరునాటికి చెంపల మీద, మెడ మీద పొక్కులు లేచాయి.

తల్లి లేని సాయిలును పెంచింది చిన్నమ్మ రుక్కమ్మ. ఏమైందని ఆమె అడిగితే ఎండదెబ్బ అన్నాడు. ఇన్నేళ్లూ ఏమీ చేయని ఎండ ఇప్పుడే ఎందుకు చేసిందని ఆమె గుచ్చి గుచ్చి అడిగేసరికి నిజం కక్కాడు. రుక్కమ్మ నవ్వలేదు, తిట్టలేదు. పశువుల కొట్టం నీడలో మంచం వాల్చింది. మొహం చల్లటి నీళ్లతో కడిగించి, పాత నూలు చీర పేలికలు తడిపి వేసింది. పొక్కులు లేనిచోట కలబంద గుజ్జు రాసింది. పొక్కులు గిల్లావంటే చేతులు కట్టేస్తానంది. తాగడానికి జొన్న అంబలి, పల్చటి మజ్జిగ ఇచ్చింది. ఎప్పుడో చిన్నప్పుడు జ్వరమొస్తే తప్ప ఆమె అలా పక్కన కూర్చున్నది లేదు, పనులతో ఆమెకు తీరిక దొరికేది కాదు. సాయిలుకు మంట మధ్యలోనూ హాయిగానే ఉంది.

ఈలోగా పెళ్లికొడుక్కి ఏదో చర్మరోగమన్న మాట గోపన్‌పల్లి చేరింది. కనకలక్ష్మి తల్లి నీలమ్మ పొద్దున్నే నడిచి వచ్చింది. ఆమె గొంతు వినగానే సాయిలు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

రుక్కమ్మ ఏమీ దాచలేదు. "రోగం గీగం ఏం లేదు వదినా. నీ బిడ్డ ముంగట తెల్లగ కనబడాలని నిమ్మకాయ రసం రాసుకొని ఎండల తిరిగిండు. గంతే."

నీలమ్మ మంచం దగ్గరికొచ్చి, దుప్పటి మెల్లగా తొలగించి చూసింది.

"నా బిడ్డ పొద్దంత మిరప చేన్ల ఉంటది, అల్లుడా. నువ్వు తెల్లగైతే నీ పక్కన నిలవడనీకె అది సిగ్గుపడ్తది," అంది.

సాయిలుకు నవ్వొచ్చింది. నవ్వితే చెంపలు చురుక్కుమన్నాయి, అయినా ఆపుకోలేకపోయాడు. ఆ సాయంత్రం గోపన్‌పల్లి నుంచి గంపెడు తాటి ముంజలు వచ్చాయి. ఎవరు పంపారో తెచ్చిన మనిషి చెప్పలేదు. సాయిలు అడగనూ లేదు.

పెళ్లినాటికి పొక్కులు మాని, వాటి చోట గోధుమరంగు మచ్చలు మిగిలాయి. నలుగు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్లకు రుక్కమ్మ అడ్డంగా నిలబడింది. తోలు ఇంకా లేతగా ఉంది, మొహం రుద్దొద్దు, పసుపు పాదాలకు పెట్టమంది. అది అశుభమని ఒకామె గొణిగినా రుక్కమ్మ మాటే నెగ్గింది. తలంబ్రాలప్పుడు కనకలక్ష్మి ఆ మచ్చల వంక చూసి చటుక్కున తల దించుకుంది. నవ్వు ఆపుకుంటోందని సాయిలుకు తెలిసిపోయింది. దాంతో అతని బెరుకు సగం వదిలింది.

మచ్చలు పోవడానికి వానాకాలం, చలికాలం కూడా దాటాల్సి వచ్చింది. మరుసటి వేసవి నుంచి కనకలక్ష్మి అతనికి తడి రుమాలు చుట్టనిదే బండి కదలనిచ్చేది కాదు. ఆ చుట్టుపక్కల విశ్వవిద్యాలయం కట్టడం మొదలయ్యాక సాయిలుకు ఇసుక తోలే పని దొరికింది. మిట్టమధ్యాహ్నం కూడా తోలమన్న మేస్త్రీకి, పొద్దున్నే ఇంకాస్త ఎక్కువ తోలతానని నచ్చజెప్పుకున్నాడు. ఎండ ముదరగానే పెద్ద బండరాయి నీడలో ఎడ్లను విప్పేవాడు. కనకలక్ష్మి అంబలి కుండ తెచ్చేది. ఎడ్లకు నీళ్లు పెట్టి, ఇద్దరూ తాగి, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చునేవారు.

ఎండ తగ్గింది, ఇక లేద్దామని సాయిలు అంటే, ఆమె ఆకాశం వైపు చూడకుండానే, "ఇంక జర ఉన్నది," అనేది.

సాయిలు కాదనేవాడు కాదు.