ఎడమవైపు మెట్లు

మేంగ్ గ్యోంగ్‌సు రోజూ పొద్దున్నే యూనివర్సిటీ మెట్ల ముందు ఆగి, గొంతు సవరించుకుని, ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కేవాడు. ఆయన తర్కం చెప్పే మాస్టారు. ఆచారాలన్నీ ఆటల్లాంటివని బోర్డు మీద గీసి మరీ చూపించేవాడు. ఎడమలో గొప్పేమీ లేదు. ఎదుటివాడు ఎడమన నడుస్తాడని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికీ తెలుసు, అంతే, అనేవాడు. సియోల్‌లో అందరూ ఎడమ వదిలి కుడివైపు నడవాలని ప్రభుత్వం చెప్పి ఏళ్ళు గడిచినా ఆయన మాత్రం మారలేదు. దిగే పిల్లలు భుజాలు తగిలి నవ్వేవారు.

"మాస్టారూ, మీ లెక్క ప్రకారమే తప్పు మీది."

"లెక్క సరిగ్గానే ఉందిరా. నేనాడే ఆట వేరు."

ఆ ఆటలో రెండో మనిషి, ప్రాచీన కవిత్వం చెప్పే ప్యో మ్యోంగ్‌నాన్. చిన్నప్పుడు బడిలో బెత్తం చూపించి నేర్పిన ఎడమవైపు నడక ఆవిడనూ వదల్లేదు. ఆయన ఎక్కే వేళకు బార్లీ టీకి వేడినీళ్ళ కోసం ఆవిడ తన ఎడమన దిగేది. సగం మెట్ల దగ్గర ఇద్దరూ ఆగి, తలలు వంచి పలకరించుకుని, మోకాళ్ళ నొప్పుల సంగతి మాట్లాడుకునేవారు.

తను రిటైరైన రోజున ఆవిడ అక్కడే అంది: "మేంగ్ గారూ, రేపట్నుంచి కుడివైపు ఎక్కండి. పడ్డారంటే పిల్లలు మీ మీంచి దూకి పోతారు."

"అవున్లెండి. మీరు లేకపోతే నాది వట్టి మొండితనమే కదా," అన్నాడాయన, కమ్మీ వదలకుండా.

ఈ వసంతం నుంచి ఆయన కుడివైపునే ఎక్కుతున్నాడు. ఎవరికీ తగలడు, మధ్యలో ఎక్కడా ఆగడు.