ఆరు సాంచల ఆట

జగిత్యాలలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నప్పుడు నేనూ, నాతో ఒకే గదిలో ఉండే కోరుట్ల స్నేహితురాలూ కలిసి ఒక గేమ్ జామ్‌కు పేర్లిచ్చాం. శుక్రవారం మధ్యాహ్నం ఒక అంశం చెప్తారు. ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా దాని మీద ఒక ఆట తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టాలి. ఆమె బొమ్మలు బాగా వేస్తుంది. నాకు కోడింగ్ కొద్దిగా వచ్చు. అంతకుముందు మేమిద్దరం ఆటలు ఆడడమే గాని చేసింది లేదు.

వచ్చిన అంశం "అన్నీ ఒకేసారి". చదవగానే నాకు సిరిసిల్లలో ఉన్న మా బాపు, అంటే మా నాన్న, గుర్తొచ్చాడు. ఆయన మరమగ్గాల కార్మికుడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటాం. షెడ్డులో ఆయనొక్కడే ఆరు సాంచలు నడుపుతాడు. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు కండె ఖాళీ అయితే కొత్తది పెట్టాలి, పోగు తెగితే ముడెయ్యాలి. ఒక సాంచ దగ్గరుండగానే ఇంకోటి ఆగిపోతుంది.

మేం మాత్రం ఊరంతా పెట్టాలనుకున్నాం. బజారు, బస్టాండు, నూలు కొనడం, బట్ట అమ్మడం, పది లెవెళ్లు. శనివారం పొద్దున చూసుకుంటే మా దగ్గరున్నది గోడల్లోంచి దూరిపోయే ఒక మనిషి మాత్రమే. అప్పుడు నా స్నేహితురాలు ఎంతో ఇష్టంగా వేసుకున్న బజారు బొమ్మను తన చేత్తోనే తీసేసింది. సాంచలొక్కటే ఉంచుదామంది. ఉంచాం. రెండు గంటల్లో ఆట నిలబడింది: ఆరు సాంచల్లో ఏదీ ఆగకుండా చూసుకోవాలి, అంతే.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి సిరిసిల్ల పోయాం. బాపు అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి మీటలు చూపించాను. మూడుసార్లు ఆడితే మూడుసార్లూ నిమిషంలోనే ఓడిపోయాడు. మీటలు అలవాటు లేక అనుకున్నాను. ఆయన కాసేపు తెర వైపే చూసి అన్నాడు:

"కండ్లతోని జూసుకుంట ఆరు సాంచలు నడుపుడు ఎవలతోనైతది బిడ్డా? సప్పుడు ఇనాలె. నూలు అయిపోవస్తె నాడె సప్పుడు అల్కగైతది. గది నీ ఆటల లేదు."

నూలు అయిపోతుంటే నాడె చప్పుడు తేలికవుతుందట. నిజమే, మా ఆటలో చప్పుడే లేదు. అది చివర్లో పెట్టుకోవచ్చులే అని వదిలేశాం. ఆయన మమ్మల్ని షెడ్డుకు తీసుకుపోయాడు. నేను ఫోన్‌లో రికార్డు చేస్తుంటే చప్పుడు మారిన చోటల్లా వేలెత్తి చూపించాడు. మొదట రెండుసార్లు నాకేమీ తెలియలేదు. మూడోసారి వినబడింది. ఆ చప్పుడు మధ్యే పెరిగిన నేను ఆ తేడా వినడం అదే మొదలు.

ఆదివారం కోరుట్లలో నా స్నేహితురాలి ఇంట్లో కూర్చుని చప్పుళ్లు కలిపాం. గడువుకు అరగంట ముందే పెట్టేసి, వాళ్లమ్మ పాత ఫోన్‌లో తెరిచి చూపించబోయాం. మొదలుపెట్టే బటన్ ఆ చిన్న తెర మీద కనిపించనే లేదు. హడావుడిగా సరిచేసి మళ్లీ పెట్టేసరికి ఐదు నిమిషాలు మిగిలాయి. పరాయి ఫోన్‌లో చూడకుండా ఏదీ అయిపోయిందనుకోవద్దని ఆ రోజే నేర్చుకున్నాను.

బహుమతి రాలేదు. జాబితాలో నడుమ ఎక్కడో ఉన్నాం. కానీ ఎవరో తెలియని మనిషి, కళ్లు మూసుకుని ఆడితేనే గెలిచానని రాశాడు.

మరుసటి వారం ఇంటికి పోయి, బాపు ఫోన్‌లో ఆట తెరిచి, చివర మా రెండు పేర్ల కింద ఆయన పేరు కూడా ఉన్నది చూపించాను. ఆయన కూడబలుక్కుని చదివాడు.

"నేనేం జేసిన? చెప్పిన గంతే గదా" అన్నాడు.

ఆ చెప్పిందే ఆటైందన్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, డ్యూటీకి ఇంకా గంట టైముండగానే షెడ్డుకు బయలుదేరాడు, తోటివాళ్లకు చూపించడానికి.