రాజీ కుదిరిన మర్నాడు

ప్రేమమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊళ్లోని రెండు వర్గాల నాయకులూ ఒకే జీపులోంచి, ఒకే పార్టీ కండువాలు వేసుకుని దిగారు! నిన్నటిదాకా ఒకరి నెత్తురు ఒకరు తాగుతామన్న పెద్దమనుషులు. వీళ్లను నమ్మి చచ్చినవాళ్ల సంగతేమిటని అడిగే దిక్కే లేదు.

ఆమె మొగుడు దేవపాలు ఒక వర్గం మనిషి. జమ్మలమడుగు దగ్గరి ఆ ఊళ్లో మగవాళ్లు పొలిమేర దాటి పదేళ్లయింది. దాటితే అవతలి వర్గంవాళ్లు కాపుకాసి నరికేస్తారు. ఆడవాళ్ల జోలికి మాత్రం ఎవరూ పోరు, అది రెండు వర్గాల కట్టుబాటు. అందుకే వకీలును కలవాలన్నా, విత్తనాలు తేవాలన్నా ప్రొద్దుటూరుకు ఆడవాళ్లే పోవాలి. అలా బస్సెక్కీ ఎక్కీ, పెళ్లితో ఆగిపోయిన డిగ్రీలో నలభై ఏళ్ల వయసులో మళ్లీ చేరింది ప్రేమమ్మ. వృక్షశాస్త్రమంటే పిచ్చి ఆమెకు. ఉల్లిపొరను మైక్రోస్కోపు కింద మొదటిసారి చూసిన రోజు, ఆ మైమరపులో బస్సే తప్పిపోయింది. "ఎట్లాగూ పోతాండావు గదా, సదువుకో పో" అన్నాడు అప్పట్లో దేవపాలు.

ఇది ఆఖరి ఏడు. తెల్లారితే ప్రాక్టికల్ పరీక్ష.

"రాజీ అయిపాయ. ఇంగ నువ్వు బస్సెక్కే పన్ల్యా. ప్రొద్దుటూరు పన్లన్నీ నేనే సూసుకుంటా," అన్నాడు దేవపాలు మీసం దువ్వుకుంటూ.

"రేపు నాకు పరీక్ష ఉండాది!"

"ఈ వయసులో పరీచ్చలేందే? సాలించు."

సాయంత్రం చర్చిలో అందరూ రాజీ కుదిరినందుకు దేవుణ్ణి స్తుతిస్తుంటే ప్రేమమ్మ మాత్రం పాటల పుస్తకం తెరవలేదు. ఇంకో నెల ఆగి కుదిరినా బాగుండేది అనుకుంది. అమ్మో, అలా అనుకున్నది తానేనా అని హడలిపోయింది. పక్కన దీవెనమ్మ, ఈ గొడవల్లో కొడుకును పోగొట్టుకున్న తల్లి, కళ్లు మూసుకుని పాడుతోంది. ప్రేమమ్మ సిగ్గుతో తల వంచుకుంది. అయినా పరీక్ష మనసులోంచి పోలేదు.

పొద్దున్నే దేవపాలు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సు దగ్గరికి నడిచాడు. ఏమైతే అదైందని ప్రేమమ్మ కూడా రికార్డు చంకన పెట్టుకుని వెనకే పోయింది. బస్సు వచ్చింది. దేవపాలు మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయాడు. లోపల అవతలి వర్గం మగవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లూ బిగుసుకుపోయారు. చూస్తుండగానే దేవపాలు చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఎక్కప్పా, రాజీ అయిపాయ గదా!" కండక్టర్ గఫూర్ విసుక్కున్నాడు.

దేవపాలు వెనక్కి తిరిగి భార్య కొంగు పట్టుకున్నాడు. "నువ్వు ముందెక్కు మే. నువ్వు పక్కనుంటే ఎవురూ ఏమీ సెయ్యరు."

ప్రేమమ్మ బిత్తరపోయింది. నాటుబాంబులకు జంకని మనిషి, చిన్నపిల్లాడిలా వణుకుతున్నాడు! పాపం అనిపించింది, ఒళ్లు మండింది కూడా.

"ఎక్కుతా. ముందు నా కాలేజీ, తర్వాతే నీ విత్తనాల అంగడి."

తలూపాడు. దారి పొడుగునా కొంగు వదల్లేదు. చివరికి ల్యాబు గుమ్మం దగ్గర ఆమే అతని వేళ్లు విడిపించింది.

"రేపు గూడా నాతో వస్తావు గదా?" అడిగాడు.

"నా పరీక్షలకు నేనొస్తా. భయమైతే నువ్వే నా ఎంట రా," అని లోపలికి వెళ్లిపోయింది.