కానివ్వండి బావ ఒంగోలు యాత్ర

మా బావ రాజారత్నం పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ దాటుకుని ముందుకు వెళ్ళలేదు. ఉద్యోగంలో ప్రమోషన్ల సంగతి కాదు నేను చెప్పేది, అక్కడా అంతేననుకోండి. గుమ్మాల సంగతి, భోజనాల బంతుల సంగతి, రోడ్ల సంగతి. గుమ్మంలో ఎవరైనా ఎదురైతే చాలు, గోడకి అతుక్కుపోయి, చెయ్యి చాపి, "మీరు కానివ్వండి" అంటాడు. ఎదురైంది పిల్లి అయినా సరే, మర్యాదలో తేడా ఉండదు. బందరులో మా చుట్టాలంతా ఆయన్ని 'కానివ్వండి బావ' అనే పిలుస్తారు.

పెళ్ళిళ్ళలో ఆయన ఆఖరి బంతిలో, వంటవాళ్ళ పక్కన కూర్చుని తింటాడు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి అందరికన్నా వెనక వెళ్తాడు. ఒక ఆదివారం పెడన నుంచి ఇలాంటి మనిషే ఇంకొకాయన వచ్చాడు. "మీరు కానివ్వండి" అని బావ, "అబ్బెబ్బే, మీరు కానివ్వండి" అని ఆయన. పాస్టరుగారు రొట్టె పళ్ళెం పట్టుకుని చూసి చూసి, "పరలోకం గుమ్మం దగ్గర కూడా ఇలాగే నిలబడతారా నాయనా?" అన్నారు. దానికి కూడా బావ, "ముందు ఆయన్ని పంపిస్తానండీ" అన్నాడు.

బావ గుడ్లవల్లేరులో కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాడు. రోజూ బందరు బస్టాండులో గుడివాడ బస్సు ఎక్కాలి. ముసలివాళ్ళని ఎక్కించి, పిల్లలని ఎక్కించి, కాలేజీ కుర్రాళ్ళని ఎక్కించి, టీ తాగొచ్చిన కండక్టర్ని కూడా ఎక్కించి తను కాలు పెట్టబోయేసరికి బస్సు కదిలిపోయేది. తర్వాత బస్సు దొరికినా కూర్చునే చోటు దొరికేది కాదు. ఇరవై నాలుగేళ్ళు అలా నిలబడి ప్రయాణం చేసి, ఒకనాడు ఎవరికీ చెప్పకుండా మోటారు సైకిలు కొనేశాడు.

ఎర్రది. నిగనిగలాడుతూ, పెళ్ళికొడుకులా ఉంది. నా పాత స్కూటరు స్టార్టవ్వాలంటే ముందు దాన్ని పక్కకి పడుకోబెట్టి, బతిమాలి, లేపాలి. అందుకని బావ బండిని చూసిన రోజు నుంచీ నాకు అన్నం సహించలేదు.

"నీకెందుకు బావా ఈ వయసులో ఇంత బండి? నాకిచ్చేయ్" అన్నాను ఉండబట్టలేక.

"దీని మీద నా సీటు నాకుంటుంది జాన్సన్ గారూ" అన్నాడు సీటు తుడుస్తూ. "ఎవరి చోటూ నేను తీసుకోనక్కర్లేదు." నేను ఆయన సొంత బావమరిదిని, వయసులో పన్నెండేళ్ళు చిన్న. అయినా నాకు 'గారు' తప్పదు.

నేర్పించింది నేనే. ఖాళీ గ్రౌండులో చక్కగా నడిపేవాడు. గేర్లొచ్చాయి, బ్రేకులొచ్చాయి. ఇంకొక మనిషి కనబడితే మాత్రం బండి ఆగిపోయేది.

మొదటివారం గుడ్లవల్లేరు వెళ్తూ ఓ బస్సు వెనకపడ్డాడు. అది ఆగితే ఆగాడు, కదిలితే కదిలాడు. కాలేజీ వైపు తిరగాలంటే ఎదురుగా వచ్చేవాళ్ళు ఆగాలి. వాళ్ళని ఆపడం ఆయన వల్ల కాలేదు. అలా గుడివాడ దాకా వెళ్ళి, బస్సుతోపాటే బస్టాండులోకి పోయి, ప్లాట్‌ఫారం ముందు పద్ధతిగా బండి నిలబెట్టాడు. అక్కడ కూర్చున్న ఓ ముసలమ్మ, "బాబూ, ఇది బందరు వెళ్తుందా?" అని అడిగింది.

"వెళ్తుందండీ" అన్నాడు బావ నిజాయితీగా. ఆవిడ సంచీతో సహా ఎక్కి కూర్చుంది.

ఈ సంగతి మా అక్క దయామణికి తెలిసింది. అక్క ఆస్పత్రిలో నర్సు, ఇంట్లో జడ్జి.

"రోజూ యాక్సిడెంట్లకి కట్లు కట్టి వస్తున్నాను. ఇంటికొచ్చి మీ తలకి కూడా నేనే కట్టాలా?" అంది. "సరే, ఒక్క పరీక్ష. శనివారం పొద్దున్నే ఒక్కరే బయలుదేరి, సముద్రం పక్క రోడ్డు పట్టుకుని ఒంగోలు వెళ్ళండి. దీపాలు పెట్టే వేళకి మా సరోజిని పిన్ని గుమ్మంలో ఉంటే బండి మీది. లేదంటే తాళం మా జాన్సన్‌కిచ్చి, మీరు బస్సెక్కండి."

ఆ రాత్రి నేను ఏమని ప్రార్థన చేశానో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఆయన కంటపడకుండా వెనకాలే వెళ్ళి చూసి రమ్మని అక్క నన్ను పురమాయించింది. శనివారం బావ హెల్మెట్ పెట్టుకుని, అక్క కట్టిచ్చిన పులిహోర సంచిలో వేసుకుని బయలుదేరాడు. కోనేరు సెంటర్ కూడా దాటలేదు, అద్దంలో నన్ను చూసేశాడు. వెంటనే బండి పక్కకి తీసి చెయ్యి చాపాడు.

"మీరు కానివ్వండి జాన్సన్ గారూ!"

"నేను నీ వెనకాల రావాలి బావా! ముందుకెళ్తే నిన్నెలా కనిపెట్టను?"

"అయ్యో, మీకెన్ని పనులో! కానివ్వండి, కానివ్వండి."

ఆయన కదలడు. చేసేదేముంది, కనిపెట్టాల్సినవాణ్ణి నేను ముందు వెళ్ళి, టీ కొట్టు కనబడినచోటల్లా ఆగి, వెనక్కి చూస్తూ కూర్చున్నాను. చల్లపల్లిలో నేను మూడో టీ తాగుతుంటే వచ్చాడు. దారంతా గడ్డి ట్రాక్టరు వెనకాల వచ్చాడట, హెల్మెట్ మీద పిచ్చుక కాపురం పెట్టేంత గడ్డి ఉంది.

ఊరు దాటాక బాతుల మంద రోడ్డుకి అడ్డంపడింది. బాతులాయన కర్రతో దారి చేసి, "మీరు పోండి బాబూ, వీటికేం తొందర?" అన్నాడు.

"పర్వాలేదండీ, కానివ్వండి" అన్నాడు బావ ఇంజను ఆపి. బాతులన్నీ దాటాయి. ఆఖరి బాతు రోడ్డు మధ్యలో ఆగి బావ వైపు చూసింది. బావ దానికి విడిగా చెయ్యి చాపాడు.

ఇంక నేను ఆగలేక ముందుకెళ్ళిపోయి, పులిగడ్డ వంతెన అవతలి చివర నిలబడ్డాను. ఒంగోలు వెళ్ళేవాడు ఆ వంతెన దాటాల్సిందే. లారీలు వచ్చాయి, ఆటోలు వచ్చాయి, నేను చల్లపల్లిలో దాటొచ్చిన గడ్డి ట్రాక్టరు కూడా వచ్చింది. బావ రాలేదు. ఫోను ఎత్తలేదు. ఎండ నెత్తికెక్కాక ఆయనే చేశాడు.

"జాన్సన్ గారూ, మీరు కొంచెం కోడూరు సెంటర్‌కి రాగలరా అండీ?"

"కోడూరా? నువ్వు వెళ్ళాల్సింది ఒంగోలు కదా బావా! కోడూరెళ్తే ఇంక సముద్రంలో పడటమే!"

"అవునండీ. ఇక్కడ కొంతమంది నన్ను కొట్టాలనుకుంటున్నారు. మీకు వీలైతేనే రండి."

స్కూటరుని పడుకోబెట్టి లేపి పరిగెత్తించాను. దారిలో సగం మనసు బావకేమవుతుందోనని కొట్టుకుంటోంది. మిగతా సగం, దేవుడు క్షమించాలి, ఎర్ర బండి తాళం ఏ జేబులో పెట్టుకోవాలా అని ఆలోచిస్తోంది.

కోడూరు సెంటర్‌లో జనం మూగి ఉన్నారు. మధ్యలో బావ, హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. పాల కేనులాయన ఒకాయన, పేరు రాజబాబు అట, చొక్కా చేతులు మడుస్తున్నాడు.

"నెత్తి నెరిసింది, సిగ్గులేదా? అవనిగడ్డ నుంచి చూస్తున్నా! మా ఊరి ఆడపిల్ల స్కూటీ వెనకాలే వస్తున్నావు. ఆ పిల్ల మెల్లగా వెళ్తే నువ్వూ మెల్లగానే, ఆగితే నువ్వూ ఆగుతున్నావు! ఏంటి నీ ఉద్దేశం?"

ఇంకో కుర్రాడు ముందుకి దూకి, "మాటలేంటి బాబాయ్, నేను తగిలిస్తా" అన్నాడు.

బావ కుర్రాడి వైపు తిరిగి, రాజబాబుని చూపించి, "ముందు వారొచ్చారండీ" అన్నాడు. తర్వాత రాజబాబుతో, "మీరు కానివ్వండి" అన్నాడు.

రాజబాబు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కొట్టించుకునేవాడు చోటిస్తే ఏం చెయ్యాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అప్పుడే ఓ పాతికేళ్ళ అమ్మాయి స్కూటీ మీద వంకర్లు తిరుగుతూ వచ్చింది. "రాజబాబు మావయ్యా, ఆగు! ఆయన్నేం అనకండి!" అని అరుస్తూనే బ్రేకు వేయడం మర్చిపోయి కిళ్ళీ కొట్టు బల్లని ఆనుకుని ఆగింది. పేరు కల్పన. ఆ సెంటర్‌లోనే కర్రీ పాయింట్ పెట్టింది, ఆ రోజే మొదలు. స్కూటీ నేర్చుకుని వారం కాలేదు. చల్లపల్లిలో గుడ్లు చౌక అని, ట్రేల మీద ట్రేలు కాళ్ళ దగ్గర పేర్చి కట్టుకుని ఒక్కతే వచ్చి, అవి ఇంట్లో దించి తిరిగొస్తోందట.

"మోపిదేవి దగ్గర లారీవాడు వెనక నుంచి హారన్ కొడితే ఏడుపొచ్చేసింది మావయ్యా. అప్పుడు ఈయన నా వెనక చేరారు. హారన్ కొట్టలేదు, దాటలేదు. లారీలన్నీ ఈయన్ని తిట్టుకుంటూ పక్క నుంచి తిరిగి పోయాయి. నేను తినాల్సిన తిట్లన్నీ ఈయనే తిన్నారు. పులిగడ్డ దగ్గర ఆగి అడిగాను, ఎటండీ అని. ఒంగోలన్నారు. అయితే వంతెన అటు కదండీ అంటే, 'తెలుసమ్మా, నువ్వు కానివ్వు' అన్నారు."

జనం మెల్లగా పల్చబడ్డారు. రాజబాబు ఎత్తిన చేత్తోనే తల గోక్కుని, "టీ చెప్పండ్రా" అన్నాడు. టీలొచ్చాక బావ, రాజబాబు ఒకరికొకరు గ్లాసు అందించుకుంటూ కూర్చుంటే అవి చల్లారిపోయాయి.

నేను బావని పక్కకి లాగాను. "తెలిసే వచ్చావా? ఒంగోలు చేరకపోతే బండి పోతుందని తెలుసుగా?"

బావ చెవులు ఎర్రబడ్డాయి. "తెలుసండీ. కానీ మొదటి రోజే గుడ్లు పగిలితే పాపం ఆ పిల్ల ఏమైపోతుంది? నాదేముంది జాన్సన్ గారూ, నిలబడటం నాకలవాటేగా."

చల్లారిన నా టీ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు ఇచ్చేశాను.

ఇంటికొచ్చి అక్కకి అంతా చెప్పాను. కల్పన ఇచ్చిన గుడ్ల ట్రే చూపించాను. అక్క ఒక్కొక్క గుడ్డూ తీసి గిన్నెలో పెట్టింది. చివరికి, "షరతు షరతే. తాళం జాన్సన్‌ది" అంది, కానీ నా మొహంలోకి అదోలా చూస్తూ అంది. బావ తాళం తుడిచి మరీ నా చేతిలో పెట్టాడు.

సోమవారం పొద్దున్న ఎర్ర బండి మీద, జుట్టు ఎగిరేలా బస్టాండు ముందు నుంచి వెళ్తున్నాను. గుడివాడ బస్సు కదులుతోంది. కింద బావ ఒక్కడే నిలబడి, చేతిలో క్యారేజీతో, లోపలున్నవాళ్ళందరికీ టాటా చెప్తున్నాడు.

బండి తిప్పి ఆయన ముందు ఆపాను. "ఎక్కు బావా."

"అయ్యో, మీకు ఆలస్యమవుతుంది జాన్సన్ గారూ. మీరు కానివ్వండి."

బండి దిగి, తాళం ఆయన చొక్కా జేబులో పడేశాను. "ఈ ఒక్కసారికి నువ్వు కానివ్వు బావా" అని వెనక్కి తిరగకుండా నడిచి ఇంటికొచ్చేశాను. ఆ సాయంత్రం అక్క మా ఇంటికి గిన్నె నిండా గుడ్ల పులుసు పంపించింది.

ఇప్పుడు బావ ఆ బండి మీదే, తన సీట్లో కూర్చుని కాలేజీకి వెళ్తున్నాడు. మా అమ్మాయి క్రిస్టినా స్కూటీ నేర్చుకుంటోంది. అదీ అక్కడే చదువుతుంది కనక, మావయ్య బయలుదేరాకే బయలుదేరు అని చెప్పాను. ఎవరు ముందు బయలుదేరినా కోనేరు సెంటర్ దాటేసరికి మా పిల్లే ముందుంటుంది, వెనకాల మా బావ, ఆయన వెనకాల తిట్టుకుంటూ లారీలు.

నాకు ఆ ఎర్ర బండి మీద ఆశ మాత్రం చావలేదు. అడిగితే ఒక్క క్షణంలో ఇచ్చేస్తాడు. అదే వచ్చిన చిక్కు.