పాతర అంచున అంగారకుడు

లాంతరు కొక్కానికి లేదు.

రేడియోలో నాటకం అయిపోయి వార్తలు మొదలయ్యాయి. విన్నవాళ్లు ఇంకా మా అరుగు మీదే కూర్చుని ఉన్నారు. చీకటి పడుతోందని, దీపం ముట్టించడానికి వంటింటి గోడ దగ్గరికి వెళ్లి చేయి చాచాను. చేతికి ఉత్త కొక్కెం తగిలింది. పక్క గూట్లో అగ్గిపెట్టె కూడా లేదు. పిల్లలు తీసి ఉంటారు అనుకున్నాను. ఆ వెంటనే, మధ్యాహ్నం వెనక దొడ్లో పాతర నోరు తెరిచిన సంగతి గుర్తుకొచ్చింది.

పాతర అంటే మా ఇంట్లో జొన్నలు దాచే గొయ్యి. నోరు ఇరుకు, లోపల పెద్ద కాగులా వెడల్పు, లోతు మనిషి నిలువు కంటే ఎక్కువ. చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన బండ పెట్టి మట్టితో మెత్తుతారు. నెలల తర్వాత ఆ బండ తీస్తే లోపలి గాలి మనిషిని బతకనివ్వదు. నేను చొప్పదండికి కాపురానికి వచ్చిన ఏడే అత్తమ్మ నాకు ఈ మాట చెప్పింది. హైదరాబాదు కాలేజీలో సైన్సు చదివాను కనుక ఆ గాలి పేరేమిటో నాకు తెలుసు. పేరు తెలిసినందుకు భయం తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది. పాతర తీసిన రోజు రాత్రంతా దాన్ని ఊపిరి విడవనిస్తారు. తెల్లారి తాడుకు దీపం కట్టి దించుతారు. దీపం నిలిస్తేనే మనిషి దిగుతాడు. అంతవరకు పాతర నోటి దగ్గర ఇంటివాళ్లెవరో ఒకరు మంచం వేసుకుని కావలి ఉండాలి. మా ఇంట్లో తప్పని కట్టు అది. ఆ సాయంత్రం కావలి అత్తమ్మది.

అత్తమ్మ మాత్రం రేడియో ముందు, అందరికంటే దగ్గరగా కూర్చుని ఉంది.

ఆమెను అక్కడిదాకా లాగిన నాటకం గురించి ఇక్కడే చెప్పాలి. మా ఆయన బడిపంతులు. ఏడాది కింద బ్యాటరీతో నడిచే రేడియో తెచ్చాడు. భజనలు, పంటల కబుర్లు విందామని తెచ్చిన ఆ పెట్టెలోంచి వారానికోసారి, పొద్దుగూకే వేళ, అంగారక గ్రహానికి వెళ్లిన అయిదుగురి కథ రావడం మొదలైంది. మొదటి వారం ఇంట్లోవాళ్లమే విన్నాం. నెల తిరిగేసరికి అరుగు నిండింది.

పక్కింటాయన నేతపని వాడు. నాటకం వేళకు మగ్గం ఆపి, చేతులకంటిన గంజి తుడుచుకుంటూ వచ్చేవాడు. ఆయనకు మనుషుల మాటలతో పని లేదు. కళ్లు మూసుకుని రాకెట్టు చప్పుడే వినేవాడు. ఒక వారం హఠాత్తుగా తలెత్తి, "గా మోటరు చప్పుడు తేడా కొడుతున్నది. ఏడనో పోగు తెగినట్టుంది" అన్నాడు. అందరం నవ్వాం. మరుసటి వారం కథలో నిజంగానే యంత్రం చెడింది. ఇక ఆయన వీధిలో ఎట్లా నడిచాడో చూడాల్సిందే.

మూలమీది కిరాణం దుకాణం సాయెబు తలుపు ఒక రెక్క మూసి వచ్చేవాడు. ఆయనకు ఇష్టమైనది కథ ఆగే చోటు. ఆగిన ప్రతిసారీ తొడ మీద చరుచుకుని, "అరె, గీడనే ఆపాల్నా! హర్ బార్ గిట్లనే జేస్తరు!" అని కోప్పడేవాడు. ఆ కోపం ఆయనకు వారమంతా సరిపోయేది. చక్కెర తూస్తూ తూస్తూ, తర్వాత ఏం జరుగుతుందో కొనడానికి వచ్చినవాళ్లకు చెప్పేవాడు. ఒక్కటీ నిజమయ్యేది కాదు.

అత్తమ్మ బాధ వేరు. "ఇన్ని దినాలాయె, గా పోరగాండ్లు ఏం తింటున్నరో ఒక్కనాడన్న చెప్పిండ్రా? ఉత్త మాటలే మాట్లాడుతరు. కడుపు కాలదా?" అనేది. ఆ అయిదుగురి కెప్టెన్ అంటే మాత్రం ఆమెకు వల్లమాలిన నమ్మకం. ఆ కెప్టెన్ ఎక్కడ దిగినా ముందు ఒక చిన్న దీపాన్ని బయటపెట్టి చూస్తాడు. మంచి గాలి ఉంటే అది వెలుగుతుంది, లేకపోతే ఆరిపోతుంది. "దీపం నిలిచేదాకా ఎవరూ ముసుగు తీయవద్దు" అని గంభీరంగా అంటాడు. మొదటిసారి ఆ మాట వినగానే అత్తమ్మ మోకాలి మీద కొట్టుకుంది.

"గీ కెప్టెను మన దిక్కు మనిషే! ఏడనో పాతరలు తీసిండు!"

నా సంగతీ చెప్పుకోవాలి. నాకు పొద్దున లేస్తే భయాలే. బావి గట్టు, పొయ్యి మీది పాలు, గోడ పగుళ్లలో తేళ్లు. మా ఆయన నవ్వుతాడు, అత్తమ్మ విసుక్కుంటుంది. ఆ నాటకంలో మాత్రం, నేల మీద కాలు పెట్టేముందు, తలుపు తీసేముందు, నీళ్లు తాగేముందు ప్రతిదాన్నీ పరీక్షించి చూసే మనిషిని అందరూ నాయకుడంటారు. వారానికి ఒక్క అరగంట నాలాంటి మనిషి చెప్పినట్టు లోకం నడిచేది. అందుకే నాకు ఆ నాటకం ఇష్టం. మా అరుగు మీద కూర్చున్న వాళ్లలో అంగారకుణ్ణి చూసినవాళ్లు లేరు, ఎప్పటికైనా మనిషి అక్కడికి వెళ్తాడో లేదో నాకు తెలియదు. కానీ మగ్గమో, పాతరో, ఆకలో, భయమో, ఎవరిది వాళ్లకు అక్కడ దొరికింది.

పిల్లలది ఇష్టం కాదు, కాపురమే. వాళ్ల ఆటలో తొమ్మిదేళ్ల మా అమ్మాయి కెప్టెన్. ఆరేళ్ల తమ్ముడు మిగతా నలుగురు.

ఆ సాయంత్రం నాటకం మొదలయ్యే వేళకు అత్తమ్మ దొడ్లోంచి కేకేసింది. "ఓ పిల్లా! జర గట్టిగ పెట్టు, గీడికి వినవడుతలేదు!" రేడియో ఎంత పెంచినా దొడ్డిదాకా వినపడదు. మరి కాసేపటికి ఆమే వచ్చేసింది. పాతర నోటి మీద నులక మంచం బోర్లించి వచ్చానంది. "గంత మంచం ఎవడు జరుపుతడు? అయిపోంగనే పోత" అంది. నేను కాదనలేదు. నాకూ వినాలని ఉంది. ఆ వారం కెప్టెన్ అంగారకుడి మీద ఒక గుహ నోటి దగ్గర నిలబడ్డాడు. తాడుకు దీపం కట్టాడు. దించడం మొదలుపెట్టాడు. అక్కడ ఆగింది. సాయెబు తొడ చరుచుకున్నాడు. ఆ చప్పుళ్లలో పిల్లలు ఎప్పుడు లేచారో నేను చూడలేదు. కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారనుకున్నాను.

వంటింటి వెనక తలుపు తీసి దొడ్లోకి పరుగెత్తాను. సగం దూరం వెళ్లాక మాటలు వినపడ్డాయి. రెండు గొంతులూ వినపడ్డాయి. అంతవరకు బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాను.

"ఆరింది. ఇగ దిగొద్దు" అంటోంది పెద్దది.

"గాలికి ఆరిందే! మల్ల ముట్టియ్యి!"

"చిమ్నీ ఉండంగ గాలికెట్ల ఆరుతదిరా? మల్ల ముట్టిచ్చిన గద. మల్ల ఆరింది."

"గట్లయితే నేను దిగి ముట్టిస్త!"

మంచం పక్కకు జరిపి ఉంది. అమ్మాయి పాతర అంచున బోర్లా పడుకుని ఉంది. బావి చేదతాడు లోపలికి వేలాడుతోంది. పిల్లవాడు నెత్తిన చిన్న గంపను నాటకంలోని ముసుగులా బోర్లించుకుని, ఒక కాలు పాతర నోట్లో పెట్టి, రెండో కాలు కూడా పెట్టడానికి గింజుకుంటున్నాడు. అక్క చేతిలో వాడి మొలతాడు ఉంది. పిడికిలికి ఒక చుట్టు చుట్టుకుని పట్టుకుంది.

నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి జారతాడేమోనని. మెల్లగా వెళ్లి వాడి రెండు రెక్కలూ పట్టుకుని పైకి లాగి, అట్లాగే వెనక్కి కూలబడ్డాను. లోపలి నుంచి ముక్కిన జొన్నల వాసన వెచ్చగా ముఖానికి కొట్టింది. వాడు నా ఒళ్లో ఏడుపు లంకించుకున్నాడు, ఆట చెడగొట్టానని. ఆ ఏడుపంత హాయిగా నా చెవులకు ఏదీ వినపడలేదు. వాడు ఏడవడానికి గాలి పీలుస్తున్నాడు, వదులుతున్నాడు, మళ్లీ పీలుస్తున్నాడు.

"అవ్వా, మేం దిగలే" అంది అమ్మాయి నాతో. దాని పిడికిట్లో మొలతాడు ఇంకా అట్లాగే ఉంది. ఒక్కో వేలూ నేనే విప్పాల్సి వచ్చింది.

నా వెనకే అరుగు మీదివాళ్లంతా వచ్చారు. అత్తమ్మ జరిగి ఉన్న మంచం చూసి నెత్తి కొట్టుకుంది. "నా కండ్లు మండ! కావలి ఇడిసి కథకు పోయిన! పాతర మీద మనిషి లేకుంటే పాతరే మనిషిని పిలుస్తదని మా అత్త చెప్పేది" అంటూ మనవణ్ణి తడిమి తడిమి చూసింది. నేతపని ఆయన మంచం జరిపి నోటి మీద వేసి, దాని మీద తనే కూర్చున్నాడు.

అప్పుడే మా ఆయన బజారు నుంచి వచ్చాడు. విన్నాడు. ముఖం తెల్లబడింది. నేరుగా ఇంట్లోకి వెళ్లి రేడియో చేతికి తీసుకున్నాడు. నేతపని ఆయన తప్ప అందరం ఆయన వెనకే వెళ్లాం.

"బ్యాటరీ ఇప్పుడే తీసేస్త. పిల్లల కంటె ఎక్కువనా గీ డబ్బా!"

సాయెబు గొంతు సవరించుకున్నాడు. "పంతులు సాబ్, మీరన్నది సహీ బాత్. గని గుహల దీపం దించి ఆపిండ్రు. జర..."

"నువ్వూరుకో భాయ్!"

"ఊరుకుంట. ఊరుకుంట గని, ఖామోష్‌గ ఉండి వారమంత ఎట్ల బతకాలె?"

అత్తమ్మ ఏడుపు మధ్యలోనే ముక్కు తుడుచుకుని, "తీసేస్తె తియ్యి గని కొడుకా, వాండ్లు గా గుహలకెల్లి ఎట్ల బయటపడ్డరో నాకెవలు చెప్తరు?" అంది.

మా ఆయన నవ్వలేదు. నావైపు తిరిగాడు. "నువ్వు జెప్పు. అందరికంటె భయమున్నది నీకే గద. తియ్యాల్నా, వద్దా?"

అందరూ నన్నే చూశారు. తీసేయమంటాననే అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. పాతర దగ్గరికి వాళ్లను తీసుకుపోయింది ఆ నాటకమే. మా అమ్మాయి పిడికిలి బిగించింది కూడా అందులో విన్న మాటతోనే. ఎటు తూచినా తక్కెడ నిలవలేదు. నా చేతికి మాత్రం ఇంకా ఆ చిన్న వేళ్ల బిగువు తెలుస్తోంది.

"ఉండనియ్యుండ్రి" అన్నాను. "వచ్చేసారి పాతర తీసినప్పుడు రేడియోనే దొడ్లకు తెద్దాం."

"గదీ మాట!" అంది అత్తమ్మ.

ఆ రాత్రి పాతర మీద మంచం వేసుకుని మా ఆయనే పడుకున్నాడు. నేను ఇద్దరు పిల్లల మధ్య పడుకుని, చెరో చేయి వాళ్ల పొట్టల మీద ఉంచాను. పొట్టలు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా రాత మధ్యలో లేచి వెళ్లి చూసి వచ్చాను. అలవాటైపోయింది.

తెల్లారి పాతర ఊపిరి విడిచింది. మా ఆయన లాంతరు దించాడు. అది అడుగుదాకా వెళ్లి, పచ్చగా, కదలకుండా వెలిగింది. మనుషులు దిగి జొన్నలు తోడడం మొదలుపెట్టారు. పిల్లలిద్దరూ దూరంగా మంచం మీద కూర్చుని చూస్తున్నారు, నేరం చేసినవాళ్లలా. నేను వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను.

"అవ్వా, కోపమొచ్చిందా?" అంది అమ్మాయి.

"రాలే. దీపం ఆరంగనే తమ్ముని పట్టుకున్నవు. మంచిగ జేసినవు. గని ముందుగాల నన్నెందుకు పిలువలే?"

అది తల వంచుకుంది. జవాబు చిన్నవాడు చెప్పాడు. "పిలిస్తె వద్దంటవు గద! బాయి కాడికి వద్దంటవు. గోడ ఎక్కుడు వద్దంటవు. వానల వద్దంటవు. జూడకముందే వద్దంటవు."

కెప్టెన్ ముందు దీపం దించి చూస్తాడు, ఆ తర్వాతే వద్దంటాడు. నేను తాడు కూడా విప్పకుండానే అంటాను. పాతరలోంచి గంపలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. చివరికి ఇద్దరినీ దగ్గరికి లాక్కుని చెప్పాను.

"దీపం ఆరినా దిగొద్దు, ఆరకున్నా దిగొద్దు. నన్ను పిలువుండ్రి. వద్దనే అంట, అబద్ధమెందుకు. గని వచ్చి మీ పక్కన బోర్ల పండుకొని, మీతోని లోపలికి జూసి, గప్పుడు వద్దంట."