కుర్చీకి వేసిన ఉన్ని కండువా: పంజాగుట్టలో ఇంగ్లండు ఫుట్‌బాల్ చూసొచ్చాను

మా మనవరాలు శ్రావణి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటూ ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటోంది. శనివారం సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తదు. నిలదీస్తే, పంజాగుట్టలో పదిమందితో కూర్చుని ఇంగ్లండు క్లబ్బు ఫుట్‌బాల్ చూస్తున్నానంది. వాళ్ళమ్మ సుజాతకు గుండె గుభేలుమంది. "అమ్మా, నువ్వెళ్ళి చూసిరా. నీకు నచ్చితే అక్కడే ఉంటుంది, లేదంటే సామాను సర్దించి వెంటబెట్టుకొచ్చెయ్" అంది. నేనసలే చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే మనిషిని. అలాంటిదాని చేతిలో పిల్ల చదువు పెట్టింది. నేను అయిదో తరగతితో ఆగినదాన్ని, కాగితం మీద రాసిచ్చాను, శ్రావణే కంప్యూటర్లో ఎక్కించింది. మీ పిల్లలూ ఇలాంటి చోటికి వెళ్తుంటే చూసి రావడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

నందిగామలో ఉదయం ఆరింటికి బస్సెక్కితే పదకొండు దాటాక ఇమ్లీబన్ బస్టాండులో దిగాను. అక్కణ్ణుంచి అమీర్‌పేటకు సిటీ బస్సు. లక్డీకాపూల్, ఖైరతాబాద్ దాకా బాగానే నడిచింది, పంజాగుట్ట చౌరస్తాలో మాత్రం కదల్లేదు. డ్రైవరు ఇంజను ఆపేస్తే, బస్సు చెడిపోయిందేమో, ఇక్కడే దింపేస్తారేమోనని సంచి గట్టిగా పట్టుకు కూర్చున్నాను. అమీర్‌పేటలో అడుగు పెట్టగానే ఎవరో నా చేతిలో రంగు కాగితం పెట్టారు. కంప్యూటర్ కోర్సట, మొదటి క్లాసు ఉచితమట. చేతిలో సున్నుండల డబ్బా పట్టుకున్న ముసలిదాన్ని కూడా వదల్లేదంటే వీళ్ళు మామూలువాళ్ళు కాదనుకున్నాను.

హాస్టల్లో భోంచేసి, నాలుగింటికి శ్రావణితో కలిసి పంజాగుట్టకు ఆటో ఎక్కాను. ముప్పై రూపాయలు. డ్రైవరు పేరు ఖాజా భాయ్.

"ఫుట్‌బాల్ చూస్తందుకు పోతున్నరా అమ్మా? మస్తు! మా పోరడు సుత గదే. బంతి తన్నుడు రాదు గని బనీను మాత్రం గా టీముదే కావాలంటడు. గీ ఫుట్‌పాత్ మీదనే కొనిచ్చిన."

"మన ఊరివాడొక్కడూ ఆడడు కదా బాబూ, అంత ఇష్టమేంటి?"

"టీవీల రోజు చూపిస్తరు గద. రోజు కనపడేటోడు చుట్టమే అమ్మా!"

"ఆ హోటల్లో తాగుడు లాంటిదేమైనా..."

"ఫికర్ చెయ్యకుండ్రి. చాయ్, సమోసా. అంతే."

ఆయన మంచివాడే. అయినా ఎందుకైనా మంచిదని, నందిగామకు తిరుగు బస్సు ఎన్నింటికో ముందే కనుక్కుని పెట్టుకున్నాను.

హోటలు పై అంతస్తులో పెద్ద తెర, ముందు కుర్చీలు. టికెట్టు లేదు, ఏదో ఒకటి తింటే చాలు. ఆట అయిదుంబావుకి. అక్కడ అప్పుడు మిట్టమధ్యాహ్నమట. "మనలాంటివాళ్ళకు సాయంత్రం పడేలా కొన్ని ఆటలు ముందు పెడతారమ్మమ్మా" అంది శ్రావణి. మనకోసం వాళ్ళు ఎండలో ఆడటమేమిటని బాధపడ్డాను. "అక్కడ ఎండెక్కడిది, అంతా మబ్బే!" అని నవ్వింది. క్లబ్బువాళ్ళ పాటను తెలుగక్షరాల్లో రాసిన కాగితం ఇచ్చారు. కూడబలుక్కుని చదివేశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ పాట బాగానే సాగింది.

ఆ రోజు క్లబ్బు తరఫున బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చాడు. తెలుగు బాగానే వచ్చు. అందరికీ తాళంచెవుల గొలుసులు పంచుతూ, మా క్లబ్బే ఎందుకు నచ్చిందని అడుగుతున్నాడు. నేనూ అడిగాను: "మా పిల్లలు ఇక్కడ చప్పట్లు కొడితే మీకేం వస్తుంది బాబూ?"

ఆయన దాచలేదు. "బనీన్లు కొంటారమ్మా. ఎక్కువమంది చూస్తే కంపెనీలు ప్రకటనలిస్తాయి. అందుకే ఈ బహుమతులు, పాటలు. మొదటిసారి రప్పించడం తేలికే. మళ్ళీ మళ్ళీ రప్పించడమే మాకు కష్టం."

అమీర్‌పేట రంగు కాగితం గుర్తొచ్చింది. సరే, కూర్చుందామని చూస్తే ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దానికి క్లబ్బు రంగుల ఉన్ని కండువా వేసి ఉంది. పోయినవాళ్ళ ఫోటోకి దండ వేసినట్టనిపించి నా ప్రాణం ఉసూరుమంది. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాను. అక్కడ అన్నీ చూసుకునే నరేష్ అనే కుర్రాణ్ణి అడిగాను: "ఎప్పుడు పోయాడు నాయనా? చిన్నవాడేనా?"

"ఎవరమ్మమ్మా?"

"ఈ కుర్చీ అబ్బాయి."

హాలంతా గొల్లున నవ్వింది. "అన్వర్ గాడా! వాడెక్కడ పోతడు? పోతే నా హెల్మెట్ ఇచ్చి పోవాలె గద!" అన్నాడు నరేష్. తరవాత విడమరిచి చెప్పాడు. "క్లబ్బోళ్ళు ఉన్ని కండువలు పంపిన్రు. గీ ఎండల మెడకు ఎవడేస్కుంటడు? సీటు ఆపుకునెటందుకు కుర్చీలకేస్తం. ఎప్పుడు వచ్చేటోడు రాకుంటే సుత వాని కుర్చీకి ఏస్తం. ఆట అయినంక వాని రూముకు పోయి అడుగుతం, ఎందుకు రాలేదని. వానల్ల శ్రావణికి జొరమొచ్చినప్పుడు గిట్లనే ఏసినం."

నేను శ్రావణి వైపు తిరిగాను. అది తెర వైపు తిరిగింది.

"ఏ జ్వరమే?"

"తగ్గిపోయిందిలే అమ్మమ్మా."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఉన్నపళంగా బస్సెక్కేదానివి."

అదీ నిజమే. "మరి ఎవరు చూశారే నిన్ను?"

"రెండ్రోజులు ఎవరికీ తెలీదు. శనివారం నేను రాలేదని వీళ్ళే హాస్టలు గేటు దగ్గరికొచ్చారు. వార్డెనమ్మను పిలిచి డాక్టరు దగ్గరికి పంపించారు."

ఆ తరవాత ఆట చూశానే గానీ కళ్ళకేమీ ఆనలేదు. మనవాళ్ళు ఓడిపోయారట.

ఆట అయ్యాక అందరితో కలిసి ఎస్.ఆర్. నగర్‌లో అన్వర్ గదికి నేనూ వెళ్ళాను. పంటినొప్పితో చెంప బూరెలా వాచి కూర్చున్నాడు. సున్నుండ చేతిలో పెడితే, నమలలేక అలాగే చూస్తూ ఉండిపోయాడు పాపం. "రేపటికి దాచుకో నాయనా" అని మరో రెండు పెట్టొచ్చాను.

బయటికొచ్చేసరికి సుజాత ఫోను. "సామాను సర్దిందా అమ్మా?"

"సర్దలేదే. ఇక్కడే ఉండనీ."

"నీకు భయం వెయ్యలేదూ?"

"వేసింది. అది నందిగామ వచ్చినా వేస్తుంది. దాని దారిన దాన్ని చదువుకోనీ."

జ్వరం సంగతి చెప్పలేదు. ఇది చదివితే ఎలాగూ తెలుస్తుంది.

మా భజన మండలికి కొత్తవాళ్ళు మొదటి వారం ప్రసాదం కోసం వస్తారు. తరవాత, "పోయిన వారం కనపడలేదేం వదినా?" అని అడిగినవాళ్ళ కోసం వస్తారు. ఇంగ్లండు నుంచి బనీన్లు, పాటలు, గొలుసులు ఎన్నైనా పంపొచ్చు, కండువా కూడా వాళ్ళు పంపిందే. దాన్ని రానివాడి కుర్చీకి వెయ్యడం మాత్రం పంజాగుట్టలో పిల్లలు కలుపుకున్నది. శ్రావణి ఏ శనివారమైనా కనపడకపోతే నాకు తెలిసేది మర్నాటికో, మూడో నాటికో. వాళ్ళకి ఆ సాయంత్రమే తెలుస్తుంది.

మీరు వెళ్తే నాలుగున్నరకే చేరండి, ఆపైన కుర్చీలు దొరకవు. ఒకవేళ కండువా వేసిన కుర్చీ ఖాళీగా కనిపిస్తే కూర్చోకండి, దణ్ణమూ పెట్టకండి. ఎవరిదని అడగండి.